డిచ్‌పల్లి డాక్టరు దొరసాని



మన పట్టణమునకు పూర్వము ఇందూరు అని పేరు. 1905వ సంవత్సరమున అది నిజామాబాదు అయ్యెను. అంతకు కొలది యేండ్లకు ముందే సికిందరాబాదునుండి మన్మాడునకు పోవు రైలుమార్గము ఈ సీమమీదుగా వేయబడి, ఎడ్లబండి నడకకు అలవాటుపడిన జనులకు కాలమును గడియారముతో కొలుచుట నేర్పెను. 1923లో మంజీరానదిపై అచ్చంపేట కడ నిజాంసాగరు కట్టుట కారంభించిరి. 1931 నాటికి ఆ పని ముగిసెను. వానకై ఆకాశమువంక చూచు భూములకు కాలువ వచ్చెను. కాలువవెంట చెరకు వచ్చెను. చెరకువెంట 1937లో బోధనునకు చక్కెర ఫ్యాక్టరీ వచ్చెను. దానిని ఆనుకొని శక్కర్‌నగర్ అను క్రొత్త పేటయే వెలసెను. తాతలు కూలిచేసి నిలబెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడగా మనుమలు కన్నులార జూచిరి. నేడు గల్ఫుదేశములలో పనిచేయు తండ్రి ముఖమును పల్లెలోని బిడ్డ సెల్‌ఫోనులో చూచి ముద్దుపెట్టుకొనుచున్నాడు.

ఇన్ని మార్పులు మూడు నాలుగు తరములలో జరిగినప్పుడు మనుష్యుని మనస్సునకు రెండు ఆపదలు కలుగును. మొదటిది కలత. ఏది నిలుచునో ఏది పోవునో తెలియక మనస్సు ఊగిసలాడుట. రెండవది అంతకంటె చెడ్డది. అది మొద్దుబారుట. ఎన్నో చూచి, ఎన్నో విని, ఏదియు లోనికి దిగకుండుట. పాఠము చెప్పుచు నేను తరగతివంక చూచునప్పుడు, కన్నులు పుస్తకముపై నుండి మనస్సు వేరొకచోట తిరుగు బాలబాలికలు ప్రతిదినము కనబడుదురు. తప్పు వారిది మాత్రమే కాదు. ఉపాధ్యాయుడనైన నా మనస్సును అప్పుడప్పుడు అట్లే తిరుగుచుండును.

ఈ రెండు ఆపదలకును మందు ఏమి? నీతివాక్యములు చెప్పిన ఈ చెవిని విని ఆ చెవిని విడిచెదరు. కావున నేను ఒక జీవితమును చెప్పదలచితిని. అది దూరదేశమున పుట్టి, మన జిల్లాలో పనిచేసి, ఇక్కడి మట్టిలో పేరు నిలుపుకొనిన ఒక స్త్రీ జీవితము. ఆమెయే డిచ్‌పల్లి ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని.

ఇసబెల్ 1875వ సంవత్సరమున స్కాట్లాండు దేశపు ఉత్తరభాగమందలి బాన్ఫ్ మండలములో జన్మించెను. పుట్టినింటి పేరు గన్. ఆమె పుట్టుటకు రెండేండ్లు ముందుగా, అనగా 1873లో, నార్వేదేశపు వైద్యుడు హాన్సెన్ కుష్ఠువ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని కనుగొనియుండెను. అది దేవుని శాపము గాదు, పూర్వజన్మ పాపము గాదు, వంశదోషము గాదు, ఒక క్రిమివలన కలుగు రోగమే యని ఆ దినముతో తేలెను. అయినను పండితులు గ్రంథములలో వ్రాసిన మాట గ్రామపు పొలిమేర చేరుటకు ఎన్ని యేండ్లు పట్టునో మీకు తెలియును. ఆ సత్యమును మన జిల్లాకు మోసికొనివచ్చినవారిలో ఇసబెల్ ఒకతె కావలసియుండెను.

ఆ కాలమున స్త్రీలు వైద్యము నేర్చుట ఆ దేశమందు గూడ సులభము గాదు. 1869లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు చేరిన కొందరు స్త్రీలకు పాఠములు చెప్పియు, కడకు పట్టము లియ్య నిరాకరించిరి. 1892లో గాని స్కాట్లాండు విశ్వవిద్యాలయములు స్త్రీలకు తమ తలుపులు తెరువలేదు. అప్పటికి ఇసబెల్ పదునేడేండ్ల బాలిక. తెరువబడిన తలుపును చూచి ఆశ్చర్యపడి నిలిచినవారు కొందరు, లోనికి నడిచినవారు కొందరు. ఈమె లోనికి నడిచెను. 1903లో ఆబర్డీను విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము పొందెను. మారుచున్న కాలము ఆమెకు భయకారణము గాక అవకాశమాయెను. ఈ సంగతి మన బాలికలు ముఖ్యముగా గమనింపవలెను.

రెవరెండు జార్జి కెర్ అను బోధకుని ఆమె వివాహమాడెను. ఆ దంపతులు 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, మన నిజామాబాదు ప్రాంతమున పనికి పూనుకొనిరి. భాష క్రొత్త. ఎండ క్రొత్త. ఆచారములు క్రొత్త. స్కాట్లాండు చలిగాలిలో పెరిగిన దేహమునకు మన ఇందూరు చైత్రవైశాఖములు ఎట్లుండునో మనము ఊహింపగలము. అయితే ఆమె మనస్సును ఎక్కువగా పట్టినది ఎండ గాదు. ఆమెకు కనబడినది, పెద్దరోగము సోకి ఊరికి వెలియైన మనుష్యుడు.

ఆ మనుష్యుని దుస్థితి నేటి విద్యార్థులకు పూర్తిగా తెలియదు. దేహముపై ఒక పాలిపోయిన మచ్చ కనబడెనా, ఇంటివారి చూపు మారును. చెంబు వేరు, చాప వేరు, పిమ్మట గుడిసె వేరు, కడకు ఊరే వేరు. భార్యకు భర్త, బిడ్డకు తల్లి పరాయివారగుదురు. సంతలోను, గుడిముందరను, రైలుస్టేషను వెలుపలను చేయిచాచుటకంటె వేరు బ్రతుకుతెరువు లేదు. బ్రిటిషువారు ఏలు భాగములలో 1898లో చేయబడిన శాసనము, బిచ్చమెత్తు కుష్ఠువ్యాధిగ్రస్తులను పట్టి ఆశ్రమములలో నిర్బంధించుటకు అధికార మిచ్చెను. ఆశ్రమ మనగా తిండి పెట్టి చావువరకు ఉంచు చోటు. రోగము కుదురునను తలంపు దాదాపుగా ఎవరికిని లేదు. రోగికిని లేదు, వైద్యునికిని లేదు.

1911లో ఇసబెల్ కెర్ నిజామాబాదులో ఇట్టివారికొరకు ఒక చిన్న ఆశ్రయమును ఆరంభించెను. తలుపు తెరచినంతనే చోటు చాలలేదు. చేర్చుకొనువారున్నారని తెలిసి దూరగ్రామములనుండి జనులు నడిచివచ్చిరి. అప్పుడు ఈ జిల్లావాసియు హిందూ దాతయు నగు నర్సాగౌడుగారు ధనసహాయము చేసిరి. 1915లో, పట్టణమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పురాతన రామాలయము గల డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసెను. ముస్లిము ప్రభువు ఏలు సంస్థానములో, క్రైస్తవ మిషను నడుపు ఆసుపత్రికి, హిందూ దాత ధనమిచ్చెను. రోగి దేహమును చూచినప్పుడు అతని కులమును మతమును అడుగుటకు ఎవరికిని తోచలేదు. మన సీమ మంచితనమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము వెదుకనక్కరలేదు.

ఆ సంవత్సరములు ఎట్టివో కూడ జ్ఞాపకముంచుకొనవలెను. 1914లో ఐరోపాలో మహాయుద్ధము ఆరంభమై 1918వరకు సాగెను. యుద్ధము ముగియునప్పటికి ఇన్‌ఫ్లూయెంజా జ్వరము లోకమంతట వ్యాపించి మనదేశమున లక్షలకొలది ప్రాణములను గొనిపోయెను. లోకము తలక్రిందులగుచున్న ఆ కాలములోనే డిచ్‌పల్లిలో గోడలు లేచుచుండెను, రోగులకు కట్లు కట్టబడుచుండెను. లోకమంతటి కలతకు తాను సమాధానము చెప్పవలెనని పూనుకొనక, తన యెదుట నిలిచిన రోగికి సమాధానము చెప్పుటయే ఆ ఆసుపత్రి పని. ఈ యొక్క సంగతిలోనే మనము నేర్వవలసినది సగమున్నది.

ఇక చికిత్స సంగతి. పడమటి కనుమలలో పెరుగు అడవిబాదము అను చెట్టు విత్తులలో ఒక తైలమున్నది. సుశ్రుతసంహితలో తువరకమను పేర అట్టి తైలము కుష్ఠమునకు చెప్పబడినది. నోటితో త్రాగిన ఆ తైలము వాంతి పుట్టించును, కావున చాలమంది రోగులు దానిని సహింపలేకపోయిరి. కలకత్తాలో సర్ లియొనార్డు రోజర్సు దానిని శుద్ధిచేసి సూదిమందుగా ఇచ్చు పద్ధతిని వృద్ధిచేసెను. తరువాత అదే నగరమున డాక్టరు ఎర్నెస్టు మ్యూర్ ఆ పనిని ముందునకు గొనిపోయెను. ఆ క్రొత్త పద్ధతిని చేపట్టి డిచ్‌పల్లిని కేవలాశ్రమముగా గాక నిజమైన చికిత్సాలయముగా మార్చిన కీర్తి ఇసబెల్ కెర్‌కు చెందును. ఉంచు చోటు కుదుర్చు చోటాయెను. ఇది చిన్న మార్పు గాదు. చావునకు ఎదురుచూచుటకు వచ్చినవాడు ఇంటికి మరలి పోవుటకు ఎదురుచూచువాడాయెను.

అయినను ఆ మందు మంత్రదండము గాదు. ఒక సూదితో ఏమియు కాదు. వారము వెంట వారము, నెల వెంట నెల, ఒక్కొక్కరికి ఏండ్ల తరబడి సూదులు వేయవలెను. అవి నొప్పిగలవి. రోగము తొలిదశలో నున్నవారికి మేలు కనబడెను. ముదిరినవారికి అంతగా కనబడలేదు. వైద్యుడు ఈ నిజమును దాచరాదు. దాచక చెప్పి కూడ రోగిని నిరాశపడనీయకుండుట కష్టమైన విద్య. ఆశ యనగా తప్పక కుదురునని పలుకుట గాదు. కుదురవచ్చునని యెరిగి, నేటి సూదిని నేడే సరిగా వేయుట ఆశ. ఆ విధమైన ఆశకు మాటలు కొంచెము, చేతలు మెండు. సంతోషముగా నుండుమని ఇతరులకు చెప్పుట చౌక. వారి సంతోషమునకు కావలసిన పనిని ప్రతివారమును తప్పక చేయుట ఖరీదైనది.

ఈ రోగమును కనుగొను రీతి మిక్కిలి ఆలోచింపదగినది. గొప్ప యంత్రములు అక్కరలేదు. రోగిని కన్నులు మూసికొమ్మందురు. ఒక పక్షియీకతోనో, దూదిపోగుతోనో మచ్చపై మెల్లగా తాకుదురు. తాకిన చోటును వ్రేలితో చూపుమందురు. ఆరోగ్యమైన చర్మముపై తాకిన వెంటనే చూపును. రోగము పట్టిన మచ్చపై తాకిన తెలియదు. వైద్యుడు తొందరపడెనా, ఏమియు తెలియదు. రోగి మనస్సు చెదిరెనా, అప్పుడును తెలియదు. ఇద్దరును నిలుకడగా, ఒక ఈకంత తాకిడిపై తమ మనస్సును సంపూర్ణముగా నిలుపవలెను. సావధానత యను గుణమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నేనెరుగను. మన పెద్దలు పరాకు విడువుమని హెచ్చరించుటయందలి యర్థము ఇదియే.

మరియొక సంగతి. కుష్ఠువ్యాధివలన వ్రేళ్లు తమంతట రాలిపోవునని జనులు చాలకాలము నమ్మిరి. అది నిజము గాదు. ఈ క్రిమి నరములను చెరచును. నరములు చెడగా స్పర్శ పోవును, నొప్పి తెలియదు. నొప్పి తెలియనివాడు వేడి గిన్నెను పట్టుకొనియు విడువడు. ముల్లు దిగినను నడచును. పుండు పడినను చూచుకొనడు. ఆ గాయములే పెరిగి చేతులను కాళ్లను పాడుచేయును. 1940 దశకపు చివరనుండి వేలూరు వైద్యకళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ చేసిన కృషివలన ఈ సత్యము లోకమునకు బాగుగా తెలిసెను. అది ఇసబెల్ కెర్ కాలమునకు తరువాతి మాట. నేడు స్పర్శ పోయిన ప్రతి రోగికి చెప్పు మొదటి పాఠ మేమనగా, ప్రతిదినము నీ చేతులను కాళ్లను నీ కన్నులతో చూచుకొనుము, నీళ్లలో నానబెట్టుము, నూనె రాయుము, గాయమున్న వెంటనే కట్టు కట్టించుకొనుము, కాలికి మెత్తని చెప్పు తొడుగుము అనునదియే. దేహము చెప్పని దానిని మనస్సు కనిపెట్టవలెను. ఒక్క సాయంకాలపు పరాకువలన ఒక పాదము పోవచ్చును. అతనికి సావధానత యలంకారము గాదు, ప్రాణాధారము.

డిచ్‌పల్లి జీవితమును సూదిమందుతోనే ముగించి చెప్పరాదు. ఆ కాలపు కుష్ఠువైద్యులు మంచి ఆహారము, వ్యాయామము, చేతికి పని, ఉల్లాసమైన మనస్సు, ఇవియన్నియు చికిత్సలో భాగములేయని బోధించుచుండిరి. చేతనైనవారు తోటలలోను కట్టడపు పనులలోను పాలుగొనిరి. ఆలోచింపుడు. ఊరిలో ఎవడును ముట్టని చేతులు నాటిన మొక్క పూచినప్పుడు ఆ చేతుల యజమానునికి కలుగు గౌరవ మెట్టిది? బిచ్చమునకు చాచిన చేయి పారను పట్టుట సగము కుదురుటయే. రెవరెండు జార్జి కెర్ ఆసుపత్రి నిర్వహణభారమును వహించెను. డాక్టరు కెర్ చికిత్సను చూచుకొనెను. ఇద్దరి పని ఒకటే బండికి రెండు చక్రములవలె సాగెను. ఆ సంస్థ పేరు జిల్లాను దాటి, సంస్థానమును దాటి, కుష్ఠువైద్యము నేర్వగోరువారు వచ్చి చూచు చోటాయెను.

1923లో ప్రభుత్వము ఆ దంపతులిరువురకును కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చి సన్మానించెను. అదే యేట మంజీరాపై నిజాంసాగరు పని ఆరంభమయ్యెనని ముందు చెప్పితిని. ఒకవైపు వేలకొలది కూలీలు రాయి మోసి నదికి కట్ట వేయుచుండిరి. మరియొకవైపు డిచ్‌పల్లిలో ఒక రోగమునకు కట్ట వేయబడుచుండెను. మొదటి పని కన్నులకు పెద్దగా కనబడును. రెండవది కనబడదు. అయితే మన జిల్లా చరిత్రలో రెండును సమానమైన పుటలే. 1931లో నిజాంసాగరు పూర్తియయ్యెను. మరుసటి సంవత్సరము, 1932లో, ఇసబెల్ కెర్ దేహము చాలించెను. అరువది యేండ్లు నిండలేదు. ఇరువదినాలుగు ఇరువదియైదేండ్ల కాలమును ఆమె మన సీమకు ధారపోసెను.

ఆమె పోయిన తరువాత లోకము ఆగలేదు. డిచ్‌పల్లిలో పనిచేసియుండిన డాక్టరు జాన్ లో పిమ్మట కలకత్తాకును, ఆ తరువాత ఆఫ్రికాలోని నైజీరియాకును పోయెను. అక్కడ 1940 దశకపు చివర, డాప్సోను అను మందును స్వల్పమైన మోతాదులో మాత్రలుగా ఇచ్చి రోగము నణచవచ్చునని చూపినవారిలో అతడు ముఖ్యుడు. అడవిబాదపు తైలము పనికి వెనుకబడెను. నొప్పిగల సూదుల స్థానమున చౌకయైన మాత్ర వచ్చెను. క్రమముగా ఆ మాత్రకు కూడ కొన్ని క్రిములు లొంగకపోగా, 1980 దశకారంభమున ప్రపంచ ఆరోగ్యసంస్థ మూడు మందులను కలిపి యిచ్చు చికిత్సను నిర్ణయించెను. నేడు ఆరు నెలలలోనో సంవత్సరములోనో రోగము కుదురును. మందు ఉచితముగా దొరకును. చికిత్స మొదలిడిన కొలది కాలములోనే ఇతరులకు అంటు గుణము పోవును. 2005వ సంవత్సరాంతమున, ప్రతి పదివేలమందికి ఒకరికంటె తక్కువ రోగులున్న స్థితికి మన దేశము చేరెను. 1898 నాటి శాసనము 2016లో రద్దాయెను. కుష్ఠువ్యాధి కారణముగా విడాకులు కోరుటకు వీలిచ్చు నిబంధనలను 2019లో తొలగించిరి. అయితే పని పూర్తికాలేదు. ప్రపంచమున ప్రతిసంవత్సరము క్రొత్తగా కనుగొనబడు రోగులలో సగమునకు పైగా నేటికిని మన దేశమువారే. కుష్ఠరోగి యని మనుష్యుని పిలుచు అలవాటును గూడ మనము ఇంక మానలేదు. రోగము మనుష్యునికి తగిలిన యొక బాధయేకాని అతని పేరు గాదు.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసికొందము. ఇసబెల్ కెర్ యే మందును నమ్మి జీవితమంతయు పాటుపడెనో ఆ మందు నేడు లేదు. ఆమె పనిచేసిన సంస్థానము లేదు. ఆమెకు పతకమిచ్చిన ప్రభుత్వము లేదు. ఆమెను పంపిన మిషనుయొక్క ఆనాటి పేరును వ్యవస్థయును మారిపోయెను. అట్లయిన ఆమె పని వ్యర్థమా? కానేకాదు. మందు మారెనుగాని, రోగిని మనుష్యునిగా చూచి, చేయివేసి, తొందరపడక పరీక్షించు పద్ధతి మారలేదు. ఆమె కాలమున సూదికై వారము వారము వచ్చుటకు రోగులకు కలిగిన నమ్మకమే, తరువాతివారు మాత్రలు ఇచ్చునప్పుడు పునాదిగా పనికివచ్చెను. మారు లోకములో మన పనిముట్లు మారును. పనిచేయు మనస్సు మారనక్కరలేదు. పనిముట్టునే బ్రతుకనుకొన్నవాడు అది పోయినప్పుడు కూలును. మనస్సును నిలుపుకొన్నవాడు క్రొత్త పనిముట్టును అందుకొనును.

బోధను చెరకు రైతుల బిడ్డలు మా పాఠశాలలో చదివిరి, చదువుచున్నారు. చెరకు బండ్లు వరుసగా ఫ్యాక్టరీకి పోవు కాలమును వారి తాతలు నేటికిని కథలుగా చెప్పుదురు. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ఆ యిండ్లలో కలిగిన దుఃఖమును చిన్నదిగా చేసి చెప్పుటకు నేను సాహసింపను. అంతయు మంచికే యని నవ్వుచు చెప్పువాడు ఆ దుఃఖమును చూడనివాడు. డిచ్‌పల్లి నేర్పు ఆశ అట్టిది గాదు. అది పుండును పుండని పిలిచి, పిమ్మట కడిగి కట్టు కట్టును. నష్టమును నష్టమని ఒప్పుకొనుట, నేడు చేయగల దానిని వెదకుట, దానిని మనస్సు పెట్టి చేయుట, ఈ మూడును కలిసినదే నిజమైన ధైర్యము.

ఇక మీ సంగతి. మీ చేతిలో తాతలు కలలోను కాంచని యంత్రమున్నది. క్షణమునకొక వార్త, క్షణమునకొక చిత్రము. అది చెడ్డదని నేననను. గల్ఫులోని తండ్రిని చూపు యంత్రము చెడ్డదెట్లగును? అయితే ఎడతెగని తాకిడివలన మనస్సు మొద్దుబారును. మొద్దుబారిన మనస్సునకు గాయములు తెలియవు. స్నేహితుడు వారము దినములుగా మాటలాడకున్నను తెలియదు. తల్లి అలసట తెలియదు. తన కోపము తెలియదు, తన విచారమును తెలియదు. స్పర్శ పోయిన పాదముతో ముండ్లబాటలో నడచువానివలె నడచిపోవుదుము. కావున ఆ రోగి పాఠమునే మనమును నేర్చుకొందము. ప్రతిరాత్రి నిద్రకు ముందు, దీపమార్పకముందు, యంత్రమును ప్రక్కను పెట్టి, ఆ దినమును ఒకమారు మెల్లగా కలయజూడుడు. ఎక్కడ ముల్లు దిగెను? ఎవరిని నొప్పించితిని? ఎవరు నాకు మేలుచేసిరి? రేపు కట్టవలసిన కట్టు ఏది? దీనికి పది నిమిషములు చాలును. చదువునప్పుడు ఒక పాఠము, వినునప్పుడు ఒక మనుష్యుడు, అన్నము తినునప్పుడు అన్నము. ఈకంత తాకిడిని కనిపెట్టిన మనస్సువలె మీ మనస్సును నిలుపుడు.

నిజామాబాదునుండి హైదరాబాదు పోవు రైలు డిచ్‌పల్లి స్టేషనును దాటునప్పుడు మీలో చాలమంది కిటికీవద్ద ఫోను చూచుచుందురు. ఈసారి ఒక్క నిమిషము తలయెత్తి వెలుపలికి చూడుడు. ఆ నేలమీద, ఊరు వెలివేసిన మనుష్యుని దగ్గరకు పిలిచి, కన్నులు మూసికొమ్మని చెప్పి, ఓపికగా తాకి చూచిన ఒక స్త్రీ యుండెనని తలచుకొనుడు. ఆ నిమిషమున మీ మనస్సు ఎక్కడనున్నదో చూచుకొనుడు. అది అక్కడనే, మీయొద్దనే యున్నచో, ఈ వ్యాసము వ్రాసిన నా శ్రమ ఫలించినట్లే.